ఒంటరిగా మూస్ వేటకు వెళ్ళేవారు ఎంత దూరం వెళ్ళవచ్చు? మాంసం మోత లెక్క ఎలా వేసుకోవాలి?

అడిగినవారు: అనంతపురం అబ్బాయి

పెద్దలందరికీ నమస్కారం. మాది అనంతపురం. ఉద్యోగరీత్యా నాలుగేళ్ళుగా అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌లో కాపురం ఉంటున్నాను. గ్రీన్ కార్డు ఉంది. ప్రస్తుతం సెలవు మీద ఇంటికి వచ్చాను, ఆగస్టు మొదటి వారంలో తిరిగి వెళ్తాను.

గడచిన రెండేళ్ళు సెప్టెంబరులో నాతో పనిచేసే ఒక పెద్దాయన వెంట మూస్ (జింక జాతికి చెందిన పెద్ద జంతువు) వేటకు వెళ్ళాను. మొదటి ఏడు ఏమీ దొరకలేదు. రెండో ఏడు ఒక చిన్నపాటి మగ మూస్ పడింది. దాన్ని ముగ్గురం కలిసి దారి మీదికి చేర్చడానికి ఒకటిన్నర రోజు పట్టింది. ఈ జంతువును చూడనివారి కోసం చెబుతున్నాను: నల్లమలలో తిరిగే కణితిని చూసి ఉంటే, మూస్ దానికి రెండింతలకు పైనే ఉంటుందని ఊహించుకోవచ్చు. ఎదిగిన మగది 550 నుంచి 700 కిలోల దాకా తూగుతుంది.

ఆ పెద్దాయన ఈ ఏడు వేరే రాష్ట్రానికి మారిపోయారు. మాంసం మా ఇంట్లో చలికాలమంతా తినడానికే గనుక, ఒంటరిగానైనా వెళ్ళాలని నిశ్చయించుకున్నాను. ఏడు రోజుల సెలవు ఉంది. వాహనం పోయే దారి చివర నుంచి దాదాపు ఐదు కిలోమీటర్లు లోపలికి నడిస్తే ఒక మిట్ట వస్తుంది, అక్కడ రెండేళ్ళూ మూస్‌లు కనిపించాయి. అక్కడే డేరా వేసుకోవాలని నా ఆలోచన. తుపాకీ గురించి, గురి గురించి నాకు బెంగ లేదు. కాల్చిన తరువాత ఒక్కడినే ఏం చేయాలన్నదే నా సందేహం. అమ్మకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు. ముందు మీ మాట విని, ఆ తరువాత చెబుదామని ఉంది.

జవాబు: ప్రొద్దుటూరు వాసి

తమ్ముడూ, నేను అలాస్కాలో పద్నాలుగేళ్ళు ఉండి, రెండేళ్ళ క్రితం ప్రొద్దుటూరికి తిరిగి వచ్చేశాను. అక్కడ ఒంటరిగా నాలుగుసార్లు మూస్ వేటకు వెళ్ళాను. నీ ఆలోచనలో ఆ ఐదు కిలోమీటర్లు అన్న ఒక్క మాట తప్ప మిగతాదంతా సరిదిద్దుకోదగినదే.

లెక్క వేసి చూడు. పెద్ద మగ మూస్ నుంచి ఎముక తీసేసినా సుమారు 225 కిలోల మాంసం వస్తుంది. బురదలో, తుప్పల్లో, మోకాలి ఎత్తు గడ్డి గుబ్బల మీద రోజంతా నడిచేవాడు ఒక్కసారికి 30 కిలోలకు మించి ఎత్తుకోకూడదు. అంటే ఎనిమిది మోతలు. దారికి ఒక కిలోమీటరు దూరంలో మూస్ పడితే, బరువుతో ఎనిమిది కిలోమీటర్లు, ఖాళీగా వెనక్కి ఏడు కిలోమీటర్లు, మొత్తం పదిహేను. అదే మూడు కిలోమీటర్లయితే నలభై అయిదు. నువ్వు చెప్పిన ఐదు కిలోమీటర్లకు డెబ్బై అయిదు. అది కూడా అంతా కోసి, తోలు ఒలిచి, చేతులు సడలిపోయిన తరువాత మొదలయ్యే నడక. పైగా కొన్ని వేట విభాగాలలో తొడలు, జబ్బలు, పక్కటెముకల మాంసాన్ని ఎముకతో సహా బయటికి తేవాలన్న నియమం ఉంది. అక్కడైతే మోతలు పది దాటుతాయి.

నేను ఒంటరిగా వెళ్ళిన మొదటి ఏడు ఈ లెక్క వేసుకోలేదు. దారికి రెండున్నర కిలోమీటర్ల దూరంలో, పొద్దు గుంకే వేళ ఒక మంచి మగదాన్ని కాల్చాను. దీపం వెలుగులో అర్ధరాత్రి దాటేదాకా కోశాను. తరువాతి రెండు రోజులు మోయడంతోనే సరిపోయింది. మూడో రోజు మధ్యాహ్నం ఆఖరి తొడను సంచిలోంచి తీసినప్పుడు తుంటి కీలు దగ్గర పుల్లని వాసన వచ్చింది. అరచేతి మందాన కోసి పారేయవలసి వచ్చింది. ప్రాణం తీసిన జంతువు మాంసాన్ని నా అజాగ్రత్త వల్ల పాడుచేశానన్న బాధ ఇప్పటికీ పోలేదు. అక్కడి చట్టం కూడా దీన్ని తేలికగా తీసుకోదు. తొడలు, జబ్బలు, మెడ, రొమ్ము, పక్కటెముకలు, వెన్ను పొడవునా ఉండే మాంసం, ఇవన్నీ తప్పక బయటికి తేవాలి. తినదగిన మాంసాన్ని అడవిలో వదిలేయడం అక్కడ నేరం. కొమ్ములను ఆఖరి మోతతోనే తేవాలి, మాంసం కన్నా ముందు కదిలించకూడదు.

కనుక ఒంటరివాడికి హద్దు ఒక కిలోమీటరు. అంతకన్నా దూరంలో ఎంత పెద్ద కొమ్ముల మూస్ కనిపించినా తుపాకీ దించుకోవాలి. నీళ్ళలో నిలబడినదాన్ని అసలే కాల్చకూడదు, చెరువులో పడ్డ మూస్‌ను ఒక్కడు గట్టుకు లాగలేడు.

దారి పక్కన మూస్ ఎక్కడ దొరుకుతుందని నువ్వు అడుగుతావు. దాని దగ్గరికి మనం పోకూడదు, దాన్నే మన దగ్గరికి రప్పించుకోవాలి. సెప్టెంబరు రెండో వారం నుంచి మగవాటికి ఎద పొగరు ఎక్కుతూ ఉంటుంది. ఆడ మూస్ అరుపును అనుకరిస్తూ దీర్ఘంగా మూలిగి, ఎండిన జబ్బ ఎముకతో పొదలను గీకితే, కొమ్ములు రాసుకుంటున్న మరో మగది ఉందనుకుని వస్తుంది. వెంటనే రాదు. రెండు గంటలకు రావచ్చు, మరునాడు పొద్దున రావచ్చు. కాబట్టి మాంసం మోయడానికి వీలైన చోటును ముందే ఎంచుకుని, గాలివాలు చూసుకుని అక్కడే కూర్చుని పిలవాలి. ఏడు రోజులలో ఐదు రోజులు కూర్చోవడానికి, రెండు రోజులు మోయడానికి పెట్టుకో. ఐదో రోజు దాటితే కాల్చవద్దు.

జవాబు: ఆత్మకూరు విశ్రాంత అటవీ ఉద్యోగి

నాయనా, నేను ఆత్మకూరు అటవీ డివిజన్‌లో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కణితిని, దుప్పిని వేటాడినవారిని పట్టుకోవడమే నా ఉద్యోగం. అక్కడి చట్టం అనుమతి ఇచ్చిన వేట గురించి నువ్వు అడుగుతున్నావు గనుక, వేట సంగతి ప్రొద్దుటూరు వారికే వదిలి, అడవిలో ఒంటరిగా నడవడం గురించి నాకు తెలిసినది చెబుతాను.

బైర్లూటి వైపు బీటుకు వెళ్ళేటప్పుడు మేము పెట్టుకున్న కట్టుబాటు ఒకటి ఉండేది. ఎటు పోతున్నాము, ఏ వాగు దాటుతాము, ఎప్పటికి తిరిగి వస్తాము అన్నవి బేస్ క్యాంపులో చెప్పకుండా ఎవరూ కదలకూడదు. చెప్పిన దారి మార్చుకోవడం అంతకన్నా పెద్ద తప్పు. ఒకసారి మా వాచరు ఒకరు చెప్పిన వాగు వదిలి, తేనెపట్టు కనిపించిందని పక్క వాగులోకి దిగి కాలు విరగ్గొట్టుకున్నారు. మేము రాత్రంతా చెప్పిన వాగులోనే వెతికాము. తెల్లవారాక ఒక చెంచు పెద్దాయన, ఆ వాగులో పిట్టల అలికిడి తీరు మారిందని గమనించి మమ్మల్ని అటు తీసుకుపోయారు. కాబట్టి నువ్వు వెళ్ళే చోటు పటం గీసి, వాహనం నిలిపే చోటు గుర్తుపెట్టి, ఫలానా రోజు ఫలానా గంటకు నా నుంచి కబురు రాకపోతే ఫలానా వారికి ఫోను చేయండి అని రాసి ఇద్దరి చేతిలో పెట్టు. ఒకరు అక్కడివారు, మరొకరు మీ అమ్మగారు. ఆమెకు చెప్పకుండా వెళ్ళడం భావ్యం కాదు.

ఎలుగుబంటి సంగతి మరొకటి. మా నల్లమల ఎలుగు మాంసం కోసం మనిషి జోలికి రాదు, ఉలిక్కిపడితే మీద పడుతుంది. మీ అలాస్కాలోని గోధుమరంగు ఎలుగు మాంసం వాసనకు వచ్చి, కళేబరాన్ని తనదిగా చేసుకుని కాపలా కాస్తుందని చదివాను. రెండింటి విషయంలోనూ ఒకటే జాగ్రత్త: అది నిన్ను ముందుగా వినాలి. పొద్దుగుంకిన తరువాత కోసిన చోటికి ఒంటరిగా పోవద్దు.

అనంతపురం అబ్బాయి

అయ్యా, మీ మాట తలదాలుస్తున్నాను. నిన్న రాత్రి అమ్మకు చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత, మా తాత చెనిక్కాయల చేనులో అడవి పందులకు కాపలాగా మంచె మీద ఒంటరిగా పడుకున్న రోజుల గురించి చెప్పి, ఆ రోజుల్లో మా అవ్వ లాంతరు వెలుగు కనిపించేదాకా నిద్రపోయేది కాదన్నారు. నా దగ్గర ఇన్‌రీచ్ అనే ఉపగ్రహ సందేశ పరికరం ఉంది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి సందేశం పంపుతానని ఒప్పుకున్నాను. ఐదు కిలోమీటర్ల మిట్టను వదులుకున్నాను.

ఇప్పుడు మిగిలింది కోత. ముగ్గురం ఉన్నప్పుడు ఇద్దరు కాళ్ళు పట్టుకుంటే ఒకరు కోశాము. ఒక్కడినే అంత జంతువును ఎలా తిప్పాలి? మాంసం పులియకుండా ఎలా కాపాడుకోవాలి?

జవాబు: కదిరి మాంసం కొట్టు

అన్నా, మాది కదిరి. మా నాన్న కాలం నుంచి మాంసం కొట్టే మా జీవనం. మూస్‌ను నేను చూడలేదు, అయితే మాంసం ఏ జంతువుదైనా వేడికే చెడుతుంది. ఏప్రిల్ నెలలో కదిరి ఎండకు పొట్టేలు కోసి అమ్మేవాడికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. ముప్పై కిలోల పొట్టేలులో వేడి తొందరగా దిగిపోతుంది. మీరు చెప్పే జంతువుకు ఒక్క వెనక తొడే రెండు పొట్టేళ్ళంత ఉంటుంది. పైకి ముట్టుకుంటే చల్లగానే ఉన్నా, లోపల ఎముక చుట్టూ వేడి గంటల తరబడి నిలిచి ఉంటుంది. ప్రొద్దుటూరు అన్నకు తుంటి కీలు దగ్గర పుల్లబడింది అందుకే.

కాబట్టి ముందు తోలు తీసేయండి. అంత దట్టమైన బొచ్చుతో ఉన్న తోలు కంబళి లాంటిది. తొడను వేరు చేసినప్పుడు తుంటి గిన్నెలోంచి గుండు బయటపడేలా కీలు దగ్గర విప్పి, ఎముక వెంట ఒక నిలువు గాటు పెట్టి గాలి తగలనివ్వండి. పాలిథీన్ సంచిలో మాత్రం పెట్టకండి, అందులో చెమర్చి మురుగుతుంది. పలుచని నూలు గుడ్డ సంచిలో వేసి, నీడలో, ఒకదానికొకటి తగలకుండా వేలాడదీయండి. మాంసం పైపొర ఆరి, కాగితంలా గట్టిపడితే ఈగ ముసరదు. కొందరు నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళు పైన చల్లుతారు, ఈగ గుడ్డు పెట్టకుండా అది పనిచేస్తుంది.

కత్తి విషయం కూడా చెబుతాను. పెద్ద కత్తి అవసరం లేదు. జానెడు లోపు అలుగు ఉన్నవి రెండు, చిన్న సానరాయి ఒకటి ఉంటే చాలు. కీలు తెలిసినవాడు ఎముకను నరకడు, కీలు మధ్య సందు వెతికి కత్తి మొన దించుతాడు. మీరు ఇక్కడ ఉన్నన్నాళ్ళు ఏ ఆదివారమైనా తెల్లవారుజామున కొట్టుకు రండి. జబ్బ ఎలా ఊడుతుందో, తుంటి కీలు ఎక్కడ తెగుతుందో మీ చేతనే చేయిస్తాను. జంతువు ఎంత పెద్దదైనా కీళ్ళ అమరిక దాదాపు ఒకటే.

జవాబు: ప్రొద్దుటూరు వాసి

కదిరి తమ్ముడు చెప్పిన నిమ్మ ఉప్పు నీళ్ళను అలాస్కాలోనూ వాడతారు. నేనూ వాడాను. తమ్ముడూ, ఆ ఆదివారాన్ని పోనివ్వకు.

తిప్పడం గురించి: పేగులు తీయకుండానే ఒక పక్క నుంచి కోసే పద్ధతి ఒంటరివాడికి అనువుగా ఉంటుంది. జంతువు ఏ పక్కకు పడితే ఆ పక్కకే వదిలేయి. పైకి ఉన్న వెనక కాలికి తాడు కట్టి, ఆ తాడును దగ్గరి చెట్టుకు బిగిస్తే, నీకు కావలసిన రెండో మనిషి ఆ చెట్టే అవుతుంది. పై పక్క తోలు ఒలిచి, ముందు జబ్బ, తరువాత వెనక తొడ, వీపు కండ, మెడ, పక్కటెముకల మాంసం తీసేయి. ఆ పక్క తీసేసరికి బరువు బాగా తగ్గుతుంది. అప్పుడు అదే తాడును, రెండు కప్పీలను ఉపయోగించి రెండో పక్కకు తిప్పవచ్చు. చివరగా పక్కటెముకల వెనుక చిన్న కోత పెట్టి లోపలి మెత్తని కండలు రెండూ తీసుకోవాలి. మగదానికే అనుమతి ఉన్న చోట, మగదని తెలిపే గుర్తును (జననాంగాన్ని) ఒక తొడకు అంటిపెట్టి ఉంచాలి, తొందరలో దాన్ని కోసేయవద్దు. మొత్తం ఐదారు గంటలు పడుతుంది. అందుకే మధ్యాహ్నం రెండు దాటిన తరువాత కాల్చకపోవడం మంచిది.

కోసిన సంచులను పేగుల కుప్ప దగ్గర వదలవద్దు. కనీసం వంద గజాలైనా ఎడంగా, దూరం నుంచే బైనాక్యులర్‌తో కనిపించే బయలులో కొయ్యకు వేలాడదీయి. ప్రతి మోతకూ తిరిగి వచ్చేటప్పుడు దూరంగానే ఆగి చూసి, గట్టిగా అరుస్తూ దగ్గరికి పో. సంచులు చెదిరినట్టు కనిపిస్తే, లేదా కుప్ప మీద మట్టి కప్పినట్టు ఉంటే, ఎలుగు అక్కడే ఉందని అర్థం. వెనక్కి వచ్చేయి. ఎలుగును తరిమే కారపు స్ప్రే నడుముకే ఉండాలి, వీపు సంచిలో కాదు.

కాగితాల పని చిన్నదే. పన్నెండు నెలలకు పైగా అక్కడే కాపురం ఉన్నావు కాబట్టి నువ్వు స్థానికుడివే, గైడ్ తప్పనిసరి కాదు. లైసెన్సు, మూస్ టికెట్ (మూస్‌ను వేటాడడానికి విడిగా ఇచ్చే చీటీ) తీసుకో. నువ్వు వెళ్ళే విభాగంలో ఏ మగదైనా కాల్చవచ్చా, లేక కొమ్ముల వెడల్పు 50 అంగుళాలు ఉండాలా అన్నది ఆ ఏటి నియమాల పుస్తకంలో చూసుకో. మూస్ పడిన తరువాత పదిహేను రోజుల లోపల నివేదిక పంపాలి.

ఇంకా నెలన్నర ఉంది. వీపు సంచిలో పదిహేను కిలోల బియ్యంతో మొదలుపెట్టి, వారానికి ఐదు కిలోలు పెంచుతూ పెనుకొండ కొండ ఎక్కి దిగు. ముప్పై కిలోలతో ఒకే రోజు మూడుసార్లు ఎక్కి దిగగలిగిన నాడు ఇక్కడ రాయి, ఏ దారి పక్కన కూర్చోవాలో పటం ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం.