"గెలవడానికే వచ్చాను" అంటే తప్పేమిటి?

కొర్లగుంట అమ్మ (చర్చ ప్రారంభం)

పోయిన ఆదివారం తిరుపతిలో ఒక టీవీ ఛానెల్ వారు పిల్లల పాటల పోటీకి ఎంపికలు జరిపారు. ఛానెల్ పేరు ఇక్కడ అనవసరం. పదమూడేళ్ళ మా పాప ఉదయం ఆరింటికే వరుసలో నిలబడి, ఓణీకి గుచ్చిన 214వ నంబరు చీటీతో మధ్యాహ్నం రెండు దాటాక లోపలికి వెళ్ళింది. ఒక అన్నమయ్య కీర్తన, ఒక సినిమా పాట పాడింది. పాటకు ఎవరూ వంక పెట్టలేదు. ఆ తరువాత పక్క గదిలో కెమెరా ముందు నిలబెట్టి, "ఎందుకొచ్చావు తల్లీ ఈ పోటీకి?" అని అడిగారు. "గెలిచేదానికొచ్చినాను సార్" అంది.

కెమెరా ఆగిపోయింది. చేతిలో అట్ట పట్టుకున్న కుర్రవాడొకడు మెల్లగా దగ్గరికి వచ్చి, "అట్లా చెబితే చూసేవాళ్ళకు నచ్చదు పాపా. నేర్చుకోవడానికి వచ్చాను, పెద్దల ఆశీస్సులు కావాలి అని చెప్పు" అన్నాడు. రెండోసారి ఆ మాటలనే ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పి బయటికి వచ్చింది. ఇంటికి వస్తూ ఆటోలో నన్ను అడిగింది: "అందరూ నేర్చుకొనేదానికే వస్తే కప్పు ఎవరికిస్తారు మా?"

నాకు జవాబు తోచలేదు. పాట సంగతి వదిలేసి, ఆ రెండు మాటల్లో ఏది చెప్పించడం సరైనదో పెద్దలు చెప్పగలరని ఇక్కడ రాస్తున్నాను.

విశ్రాంత పండిట్

అమ్మా, మీ పాప ప్రశ్న పదునైనది. అయినా ఆ కుర్రవాడి మాటను నేను పూర్తిగా కొట్టివేయలేను. జిల్లా పరిషత్ బడుల్లో ముప్పై ఏళ్ళు వక్తృత్వ పోటీలు, పద్యపఠన పోటీలు నడిపిన అనుభవంతో చెబుతున్నాను. "మొదటి బహుమతి నాదే సార్" అని ముందుగానే ప్రకటించిన పిల్లవాడు ఆ ఏడాది ఓడిపోతే, మరుసటి ఏడాది పేరు ఇవ్వడానికి కూడా రాడు. ఓటమి అందరికీ ఉండేదే కానీ, ప్రకటించి ఓడినవాడికి దాని మీద నగుబాటు కూడా తోడవుతుంది. పైగా ఇరవై మంది పిల్లలు నిలబడిన వేదిక మీద ఒకరు "గెలవడానికే వచ్చాను" అంటే, మిగిలిన పంతొమ్మిది మందికి "మీరు ఓడడానికి వచ్చారు" అని వినబడుతుంది.

నిండు కుండ తొణకదని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఈటీవీలో 1996లో మొదలైన పాడుతా తీయగాను గుర్తు చేసుకోండి. బాలసుబ్రహ్మణ్యంగారు ఒక గమకం తప్పితే దాన్ని తానే పాడి చూపించి, తప్పిన పిల్లను నవ్వించి పంపేవారు. ఆ కార్యక్రమం అన్నేళ్ళు జనం మనసులో నిలిచిందంటే, ఎవరు గెలిచారన్న దానికంటే ఎలా పాడారన్నదే అక్కడ ముఖ్యం కావడం వల్లనే. కోరిక ఉండవద్దని నేను అనను. దాన్ని నోటితో చాటుకోవడం ఎందుకన్నదే నా సందేహం.

చంద్రగిరి కోట వీధి

మాస్టారుగారికి నమస్కారాలు. తమరు బడి ఉదాహరణ చెప్పారు కాబట్టి నేను మా పక్క ఊరిది చెబుతాను. సంక్రాంతి రోజుల్లో రంగంపేటలో పశువుల పండుగ జరుగుతుంది. ఎద్దుల కొమ్ములకు దేవుళ్ళ బొమ్మలతోనో, సినిమా హీరోల బొమ్మలతోనో ముస్తాబు చేసిన చెక్క పలకలు కట్టి, మేళాలు మోగుతుండగా వీధిలోకి వదులుతారు. రెండు పక్కలా కాచుకున్న కుర్రవాళ్ళు ఆ ఎద్దును నిలువరించి పలక లాగాలి. ముందు రోజు సాయంత్రం టీ కొట్టు దగ్గర నిలబడి వినండి. "ఫలానా వాళ్ళ ఎద్దు పలక నాది, రాసి పెట్టుకోండి" అని పేరు పెట్టి మరీ చెబుతారు. "అనుభవం కోసం వచ్చాను, ఎద్దు ఆశీస్సులు కావాలి" అన్నవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. మా పెదనాన్న కొడుకు ఒకసారి అట్లా చెప్పి, పలక దక్కకపోగా పక్కటెముక విరగ్గొట్టుకున్నాడు. ఊరు నవ్వింది, నిజమే. కానీ మరుసటి ఏడాది మళ్ళీ అదే మాట చెప్పి దిగాడు. ఈసారి తెచ్చుకున్న పలక ఇప్పటికీ వాళ్ళ గుమ్మం మీద మేకుకు వేలాడుతోంది, రంగు వెలిసిపోయి.

చదువుల సంగతి చెప్పనక్కరలేదు. ఫలితాలు వచ్చిన రోజు తిరుపతిలో ఏ కూడలిలో చూసినా ర్యాంకుల ఫ్లెక్సీలే. టీవీలో "ఒకటి, ఒకటి, రెండు, మూడు" అంటూ అరుపులే. ర్యాంకు కోసమే చదువుతున్నానన్న పిల్లను మెచ్చుకునే మనమే, కప్పు కోసమే పాడుతున్నానన్న పిల్లను పొగరుబోతు అంటామా?

గ్రీమ్స్‌పేట పాఠకురాలు

చిత్తూరు నుంచి రాస్తున్నాను. తమ్ముడు చెప్పిన ఉదాహరణలు బాగున్నాయి కానీ, అవి టీవీ పోటీకి అతకవు. ఎందుకు అతకవో ఆలోచిస్తే పాప ప్రశ్నకు జవాబు దొరుకుతుందని నాకు అనిపిస్తోంది.

పలకను ఎవరూ ఇవ్వరు, లాక్కోవాలి. ర్యాంకును ఎవరూ ఇవ్వరు, మార్కులు తేలుస్తాయి. బిగ్ బాస్ వంటి ఆటలో కప్పును మనం ఇస్తాము, యాప్‌లో నొక్కే ఓటుతోనో, మిస్డ్ కాల్‌తోనో. ఇచ్చేది మనమైనప్పుడు, తీసుకునేవాడు "అది నాదే" అంటే మన చేతిలో ఉన్నదాన్ని అడగకుండా లాక్కున్నట్టు ఉంటుంది. అడగందే అమ్మయినా పెట్టదన్న సామెత నిజమే కానీ, అందులో ఉన్నది అడగడమే. కంచం లాక్కుంటే ఏ అమ్మా ఊరుకోదు. మనకు నచ్చనిది కోరిక కాదు, మన దాతృత్వాన్ని లెక్కచేయకపోవడం.

అందుకే అక్కడ ఆటగాళ్ళు కోరికను ఎన్ని రకాలుగా చుట్టబెట్టి చెబుతారో చూడండి. ఎవరిని బయటికి పంపాలో ఆటగాళ్ళే పేర్లు చెప్పే నామినేషన్ల రోజున ఒకరినొకరు ఏమని తప్పుపడతారు? "నువ్వు గేమ్ కోసమే చేస్తున్నావు" అని! గేమ్‌కు వచ్చినవారిని గేమ్ ఆడుతున్నారని నిందించడం మరే ఆటలోనైనా చూశామా? 2023లో ఏడో సీజన్ గెలిచిన పల్లవి ప్రశాంత్, బహుమతి సొమ్మును రైతులకు పంచుతానన్నాడు. అతని ఉద్దేశాన్ని నేను శంకించడం లేదు. "నాకు కావాలి" అన్నది "మావాళ్ళకు కావాలి" అన్న వెంటనే మన చెవికి ఎంత ఇంపుగా మారిపోతుందో చెబుతున్నాను, అంతే.

అమెరికాలో 2000లో మొదలైన సర్వైవర్ ఆటలో పద్ధతి వేరు. తుది విజేతను ఎన్నుకునేది ప్రేక్షకులు కారు, ఓడి బయటికి వెళ్ళిన ఆటగాళ్ళే. అక్కడ మొదటి సీజన్‌లో రిచర్డ్ హాచ్ అనే ఆయన ఎత్తులు వేసి, జట్టు కట్టి, ఒక్కొక్కరినీ బయటికి పంపి, చివరికి ఏడుగురిలో నలుగురి ఓట్లతో గెలిచాడు. అంటే ఆయన చేతిలో దెబ్బతిన్నవారే ఆయనకు పది లక్షల డాలర్లు ఇప్పించారు. ఆడినవారికి ఆట తెలుసు కాబట్టి ఆశను నేరంగా చూడలేదు. సోఫాలో కూర్చున్న మనకు ఆట తెలియదు, మనుషులే తెలుసు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. ఇదే మాట మగపిల్లవాడి నోట వస్తే "కసి ఉంది" అంటారు, ఆడపిల్ల నోట వస్తే "తల పొగరు" అంటారు. 2017 నుంచి 2024 వరకు టీవీలో వచ్చిన ఎనిమిది తెలుగు బిగ్ బాస్ సీజన్లలో ఒక్క ఆడమనిషి కూడా గెలవలేదంటే దానికి వేరే కారణాలు కూడా ఉండవచ్చు. కానీ కొర్లగుంట అక్కా, మీ పాపను ఆపిన ఆ కుర్రవాడు 213వ నంబరు పిల్లవాణ్ణి ఆపాడో లేదో కనుక్కోండి.

మదనపల్లె మార్కెట్

ఓటీటీలో వచ్చిన సీజన్‌ను మరచిపోకండి అమ్మా. 2022లో బిగ్ బాస్ నాన్ స్టాప్ గెలిచిన బిందు మాధవి మా మదనపల్లెలో పుట్టిన పిల్లే. మేము ఇప్పటికీ చెప్పుకుంటాము.

పద్దుల పెద్దన్న

మర్యాద సంగతి మీరు తేల్చండి, లెక్క సంగతి నేను చెబుతాను. మన ఆదాయపు పన్ను లెక్కలో లాటరీ, గుర్రప్పందేలు, పేకాట, టీవీ పోటీలు అన్నీ ఒకే గాటన కట్టి ఉన్నాయి. గెలిచిన సొమ్ములో 30 శాతం మూలంలోనే కోసేస్తారు. 50 లక్షలు గెలిస్తే సెస్సుతో కలిపి 15.6 లక్షలు పన్నుకే పోతుంది. మామూలు ఆదాయానికి ఉండే మినహాయింపు పరిమితి దీనికి వర్తించదు, ఖర్చులు చూపించి తగ్గించుకోవడమూ కుదరదు. కాబట్టి బిగ్ బాస్‌లో 2020లో సోహెల్ 25 లక్షలు, 2022లో శ్రీహాన్ 40 లక్షలు తీసుకుని చివరి మెట్టు మీద పక్కకు తప్పుకున్నప్పుడు, "తెలివైనవాడు" అన్నవారి మాటను నేను తోసిపుచ్చను. శ్రీహాన్‌కే ఓట్లు ఎక్కువ వచ్చాయని నాగార్జున అదే వేదిక మీద చెప్పిన తరువాత మాత్రం, డబ్బు కావాలనుకోవడం తెలివి, కప్పు కావాలనుకోవడం అహంకారం ఎలా అవుతాయో నాకు బోధపడలేదు.

విశ్రాంత పండిట్

గ్రీమ్స్‌పేట అమ్మాయి వాదం బాగుంది. అయితే దానికి ఎదురు నిలిచే కథ ఒకటి మన సాహిత్యంలోనే ఉంది. నా మొదటి మాటకూ అది అడ్డమే కాబట్టి దాచుకోవడం న్యాయం కాదు.

శ్రీకృష్ణదేవరాయలు కొలువులో, గొప్ప కవుల కాలికి గౌరవంగా తొడిగే బంగారు గండపెండేరం పెట్టించి, సంస్కృతం, తెలుగు రెండింటిలోనూ సమానంగా కవిత్వం చెప్పగలవారు దీన్ని తొడుక్కోవచ్చని ప్రకటించాడట. ఎవరూ లేవలేదు. కోరుకునేవారే లేరా అని రాయలు పద్యంలో సగం అందుకుంటే, అల్లసాని పెద్దన లేచి, తనవంటి పండితుడు లేడని తమకు తెలియదా, ఇవ్వదలిస్తే నాకే ఇవ్వండి అన్న భావంతో మిగతా సగం పూరించాడని చాటువు. ఇది చరిత్ర అని నేను అనను. కానీ ఇన్ని తరాలుగా ఈ కథను మనం పెద్దన గర్వానికి సిగ్గుపడుతూ కాదు, మురిసిపోతూ చెప్పుకుంటున్నాము. అక్కడ కూడా బహుమతి ఇచ్చేవాడు ఒకడున్నాడు. అయినా "నాదే" అన్నవాడు చెడ్డవాడు కాలేదు.

ఎందుకు కాలేదంటే, మాట పూర్తయీ కాకముందే ఆయన ఉత్పలమాలిక అనే పొడవైన పద్యం అందుకుని గుక్క తిప్పుకోకుండా చదివాడు కాబట్టి. మాటకూ రుజువుకూ మధ్య గడియ ఎడం లేదు. టీవీలో మొదటి వారం "గెలుస్తాను" అన్నవాడు చివరి వారం దాకా ఆ మాటను మోయాలి. నూరు రోజులు మోస్తే ఎంత మంచి మాటైనా గప్పాలుగా వినిపిస్తుంది. నేను బడిలో చూసిన చిక్కు కూడా ఇదే కావచ్చు. మాట ముందు, పద్యం వారం తరువాత.

గ్రీమ్స్‌పేట పాఠకురాలు

మాస్టారూ, ఒప్పుకుంటున్నాను. కాకపోతే ఇంకొక తేడా ఉంది. తిరుమల ఆలయంలో ఇద్దరు దేవేరుల నడుమ చేతులు జోడించి నిలబడిన రాయలవారి లోహ విగ్రహాన్ని మనమంతా చూసినవాళ్ళమే. దేవుడి ముందు అంత వినయంగా నిలబడగలిగినవాడు, తన ముందు ఒక కవి మీసం మెలేస్తే చిన్నబోడు. మిస్డ్ కాల్ ఇచ్చే మనకు ఆ స్థిమితం లేదు. మనకంటే ధీమాగా ఉన్నవారిని చూస్తే మనకు కొంచెం గుచ్చుకుంటుంది, దాన్ని వినయం మీద ప్రేమ అనుకుంటాము.

చంద్రగిరి కోట వీధి

అక్కా, అంతగా ఓటర్లను తిట్టకండి. నేను కూడా ఓటు వేసేవాడినే.

కొర్లగుంట అమ్మ

అందరికీ కృతజ్ఞతలు. 213వ నంబరు పిల్లవాడి తల్లిని ఫోనులో అడిగాను. వాళ్ళబ్బాయి "కప్పు కొట్టుకొని పోతా" అన్నాడట. అందరూ నవ్వి, ఆ ముక్కనే ఉంచుకున్నారట.

మాకు నిన్న రెండో దఫాకు పిలుపు వచ్చింది, హైదరాబాదుకు రమ్మన్నారు. మాస్టారుగారు చెప్పిన పెద్దన కథను పాపకు చదివి వినిపించాను. ఈసారి అడిగితే ఏం చెబుతావే అంటే, "ముందు పాట పాడతాను, ఆ తర్వాత అడగమను" అంది. ఆ తరువాత ఏం చెబుతుందో మాత్రం నాకు చెప్పలేదు. శనివారం రాత్రి బస్సుకు రెండు సీట్లు తీసుకున్నాము.