కుషింగ్‌ని ఏమనాలి: తేయాకు వర్తకుడా, నల్లమందు వర్తకుడా?

సరంగు:
జాన్ పెర్కిన్స్ కుషింగ్ 1803లో పదహారేళ్ల వయసులో బోస్టన్ నుంచి చైనా రేవు కాంటన్‌కి గుమాస్తాగా వెళ్లాడు. పైనున్న బంస్టెడ్ జబ్బుపడి చనిపోవడంతో మేనమామ థామస్ పెర్కిన్స్ వర్తక సంస్థ, అంటే కోఠీ, మొత్తం ఈ కుర్రాడి చేతికొచ్చింది. 1828 దాకా నడిపాడు. చైనా వ్యాపారం మీద మనం రాసుకుంటున్న పట్టికలో ఇతని పేరు పక్కన ఒక్క ముక్కలో ఏం రాయాలి?

లంగరు:
తేయాకు వర్తకుడే. ఓడలో ఏముందో చూస్తే చాలు. 1784లో కాంటన్ చేరిన మొదటి అమెరికా ఓడ ఎంప్రెస్ ఆఫ్ చైనా తీసుకెళ్లింది దాదాపు 30 టన్నుల జిన్‌సెంగ్ అనే మందు వేరు, కొన్ని తోళ్లు, 20,000 డాలర్ల వెండి. జిన్‌సెంగ్‌ని చైనా వాళ్లు ఒక్కో వేరునీ చూసి ఏరి కొంటారు. విరిగినదానికీ చెమ్మ పట్టినదానికీ ధర పలకదు. ఒకే సీజన్లో నాలుగు ఓడలు దించితే రేటు కుప్పకూలుతుంది. తోళ్ల సంగతీ అంతే, వేటాడి వేటాడి సముద్రపు నీటికుక్కలే కరువయ్యాయి. అందుకే 1820ల మధ్య దాకా చాలా ఏళ్లు అమెరికా వాళ్లు దించిన సరుకు విలువలో సగానికి పైగా స్పానిష్ వెండి డాలర్లే. వెయ్యి డాలర్లకి 720 టేళ్లు (చైనా వాళ్ల వెండి తూకం) లెక్క.

తిరుగు ప్రయాణంలో అడుగున పింగాణీ వేస్తారు, నీళ్లు చేరినా అది చెడదు. దాని మీద లోపల సీసపు రేకు పరిచిన తేయాకు పెట్టెలు, పట్టు, నాంకీన్ నూలు బట్ట. ఇందులో నల్లమందు ఎక్కడుంది? పోయినసారి చర్చలోనూ ఈ లెక్క పెడితే ఎవరూ జవాబు చెప్పకుండా చర్చకి తాళం వేశారు.

కాటా:
కాంటన్‌కొచ్చే ఓడలు లంగరు వేసే వాంపోవాలో వెతికితే ఎక్కడ దొరుకుతుందండీ? దొరక్కుండా ఉండాలనే కదా ఆ ఏర్పాటంతా. అక్కడికొచ్చే ప్రతి ఓడకీ ఒక హాంగ్ వర్తకుడు, అంటే విదేశీయులతో వ్యాపారానికి అనుమతి ఉన్న చైనా వర్తకుడు, పూచీ పడాలి. ఓడలో నల్లమందు లేదని రాసివ్వాలి. దుబాసీ, సరుకులు సరఫరా చేసే కంప్రదోరు, ఓడ కొలిచి సుంకం కట్టించుకునే హోప్పో (సుంకాల అధికారి) మనుషులు, వీళ్లందరి కళ్ల ముందు పెట్టెలు దించుతారా?

1821లో బాల్టిమోర్ ఓడ ఎమిలీ నావికుడు టెర్రనోవాకి, పడవ నడిపే ఆడమనిషి చావు కేసులో, గొంతు బిగించి మరణశిక్ష అమలు చేశారు. ఆ ఓడలో నల్లమందు ఉన్న సంగతీ అప్పుడే రచ్చకెక్కింది. హాంగ్ వర్తకుల పెద్ద హౌక్వా టోపీ మీది హోదా గుండీ ఊడింది. ఆ దెబ్బతో నల్లమందు వ్యాపారం నది లోపలినుంచి బయటికి, లింటిన్ దగ్గరికి జరిగింది. టర్కీ రేవు స్మిర్నా నుంచి తెచ్చిన టర్కీ నల్లమందుని ముందు అక్కడి గిడ్డంగి ఓడలోకి దించేస్తారు. కొనేవాడు కాంటన్‌లోనే వెండి కట్టి చీటీ తీసుకుంటాడు. వాడి తెడ్ల పడవ రాత్రిపూట వెళ్లి చీటీ చూపించి సరుకు ఎత్తుకుంటుంది. ఓడ ఏమీ ఎరగనట్టు వాంపోవాకి పోతుంది. మీరు లెక్కపెట్టింది ఆ ఓడని.

లంగరు:
లింటిన్ 1830 నాటిది. రాబర్ట్ బెన్నెట్ ఫోర్బ్స్ దాని కెప్టెన్. కుషింగ్ 1828లోనే వెళ్లిపోయాడు. తారీఖులు సరిచూసుకుని రాయండి.

కాటా:
నేను దీవి అన్నాను. మీరు అదే పేరున్న ఓడ గురించి చెబుతున్నారు.

లంగరు:
"లింటిన్ దగ్గరికి" అన్నారు. దీవి అన్న మాట మీ పోస్టులో ఎక్కడా లేదు.

మంచుతేనీరు:
కుషింగ్ పూర్తిగా వెళ్లిపోలేదు కూడా. అతని తర్వాత కోఠీ చూసుకున్న థామస్ ఫోర్బ్స్ 1829 ఆగస్టులో తుఫానులో మునిగిపోయాక 1830లో మళ్లీ వచ్చి, కోఠీని మరో అమెరికా కోఠీ రస్సెల్ కంపెనీలో కలిపి వెళ్లాడు.

పాతమాటలు:
గొడవ మధ్యలో ఒక మాట. వాళ్ల ఇంగ్లీషులో గిడ్డంగిని గోడౌన్ అంటారు కదా, అది మలయ్ నుంచి వచ్చిందనీ, మలయ్‌కి మన గిడ్డంగి మాటే పోయిందనీ వాదించే నిఘంటువులున్నాయి. నాణేలు పరీక్షించే ష్రాఫ్ మాత్రం కచ్చితంగా మన షరాబే.

లంగరు:
సరే, దీవే. అయినా లెక్క మారదు. బెంగాల్ నల్లమందు కలకత్తాలో ఈస్టిండియా కంపెనీ వేలంలో అమ్మేది, దాంతో పోలిస్తే టర్కీ సరుకు పిసరంత. పైగా కోఠీ రాబడిలో సొంత సరుకు లాభమే కాదు, ఇతరుల సరుకు మీద దస్తూరీ (కమీషన్) కూడా ఉంది. పిసరంత దాన్ని పట్టుకుని మనిషికి పేరు పెడతారా? రేపు ఇంకో అమెరికా కోఠీ ఆలిఫెంట్‌నీ అదే అంటారు.

కాటా:
ఆలిఫెంట్ ఎందుకొచ్చాడు మధ్యలో? ఆ కోఠీ నల్లమందు ముట్టనే లేదు. మిగతావాళ్లు వాళ్ల భక్తిని వెక్కిరించి ఆ కోఠీ గదులకి జియోన్ మూల అని పేరు పెట్టారు. ఫిలడెల్ఫియా వర్తకుడు నేథన్ డన్ కూడా ముట్టలేదు, అయినా బాగానే గడించాడు. అంటే వద్దనుకుంటే మానొచ్చు. కుషింగ్ మానలేదు. తప్పు వాటాలో లేదు, తెలిసి ఎంచుకోవడంలో ఉంది. ఇది ఒప్పుకోలేక మీరు టన్నుల వెనక దాక్కుంటున్నారు.

లంగరు:
దాక్కోవడం అనే మాట వెనక్కి తీసుకోండి. నేను మీ పోస్టుల్లో ఒక్క అంకె చూడలేదు.

నిర్వాహకులు:
ఇద్దరూ నెమ్మది.

షరాబు:
ఇద్దరూ వెండి దగ్గరే ఆగిపోయారు. 1827 ప్రాంతం నుంచి అమెరికా ఓడలు తెచ్చే వెండి బాగా తగ్గింది, తేయాకు కొనుగోలు తగ్గలేదు. డబ్బు ఎలా వచ్చింది? లండన్ మీద రాసిన హుండీలు. అక్కడి బేరింగ్ లాంటి కోఠీ చెల్లిస్తానని మాటిచ్చిన హుండీని అమెరికా వర్తకుడు కాంటన్‌లో అమ్ముతాడు. కొనేది ఎక్కువగా ఇండియా నుంచి నల్లమందు తెచ్చినవాడు. వాడి దగ్గర చైనా వాళ్లు కట్టిన వెండి గుట్టలుగా ఉంది, దాన్ని ఇంటికి మోసుకుపోవడం కష్టం, ప్రమాదం. వెండి ఇచ్చి హుండీ తీసుకుంటాడు. ఆ వెండితో ఇతను హాంగ్ వర్తకుడి బాకీ కట్టి తేయాకు ఎత్తుతాడు. షరాబు నాణెం మీద ముద్ర కొట్టి బరువూ మెరుగూ చూస్తాడు. అది ఏ సరుకు అమ్మితే వచ్చిందో ముద్రలో ఉండదు. హుండీ అమ్మి తేయాకు కొన్న ఏ కోఠీకైనా ఇదే దారి, నల్లమందు ముట్టినా ముట్టకపోయినా.

లంగరు:
నేను మొదటినుంచీ భయపడుతున్నది ఇదే. ఈ లెక్కన కాంటన్‌లో శుభ్రమైన తేయాకు పెట్టె ఒక్కటీ మిగలదు. అప్పుడు కుషింగ్ ఒక్కడి పేరు పక్కనే ఎందుకు రాయాలి?

కాటా:
లింటిన్ దీవి దగ్గర దింపించినవాడూ, ఎవరో అమ్మగా వచ్చిన వెండి తీసుకున్నవాడూ ఒకటి కాదు కాబట్టి. తేడా లేదంటే డన్‌కీ కుషింగ్‌కీ మీరే సమానంగా మచ్చ పూస్తున్నట్టు.

లంగరు:
హుండీల పద్ధతి ఊపందుకునేసరికి కుషింగ్ కాంటన్ కాలం ముగింపుకొచ్చింది, కాబట్టి అతని విషయంలో షరాబు గారి వాదన సగమే పనికొస్తుంది. "తేయాకు, తోళ్లు, నల్లమందు" అని రాయండి, అభ్యంతరం లేదు. నల్లమందు ముందు పెడితే మాత్రం మళ్లీ వస్తాను.

కాటా:
రండి. అప్పటికి టర్కీ పెట్టెల అంకెలు పెట్టి ఉంచుతాను, పికుల్లో (అక్కడి తూకంలో).

పాతమాటలు:
దుబాసీ గురించి ఎవరూ పట్టించుకోలేదు. అదీ మన రేవుల మాటే.