షాపు కంప్యూటర్‌కి వచ్చే అప్‌డేట్లలో ఏవి వేసుకోవాలి, ఏవి ఆపాలి?

ప్రశ్న (మారతహళ్లి, బెంగళూరు)

అందరికీ నమస్కారం. మాది మదనపల్లె. ఇక్కడ మారతహళ్లిలో తొమ్మిదేళ్లుగా జిరాక్స్, ప్రింటింగ్ షాపు నడుపుతున్నాను. చుట్టూ పీజీలే, వచ్చేవాళ్లలో సగం మన తెలుగు పిల్లలే. రెండు సిస్టమ్‌లు ఉన్నాయి. ఒకటి విండోస్ 11, రెండోది ఆరో తరం ఐ5 ప్రాసెసర్ మీద విండోస్ 10.

పోయిన నెల అప్‌డేట్ పేజీలో కనబడిన ప్రతిదానికీ టిక్కు పెట్టి వేసేశాను. అందులో ప్రింటర్ డ్రైవర్ (ప్రింటర్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్) కూడా ఉందని చూసుకోలేదు. మర్నాడు రెండువైపులా ప్రింట్ అయ్యే ఆప్షన్ మాయమైంది. అదే రోజు నలుగురు ఇంజినీరింగ్ పిల్లలు వచ్చారు. ప్రాజెక్టు రిపోర్టులు, ఒక్కొక్కటి 80 పేజీలు, సాయంత్రానికి బైండింగ్‌తో సహా కావాలి. కాగితాలు చేత్తో తిరగేసి పెడుతూ రాత్రి పదకొండుకి ఇవ్వగలిగాను. ఒక అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది, అది మర్చిపోలేకపోతున్నాను.

అప్పటినుంచి అప్‌డేట్ అంటేనే టెన్షన్. పాజ్ పెట్టేశాను. పూర్తిగా ఆపేయమని పక్క షాపాయన అంటున్నాడు. నిజంగా ఆపేయవచ్చా?

జవాబు 1

అన్నా, దయచేసి పూర్తిగా ఆపకండి. నేను వైట్‌ఫీల్డ్‌లో సిస్టమ్ అడ్మిన్‌ని, రోజూ చేసే పనే ఇది.

మీ షాపులో రోజుకి ఎంతమంది పెన్‌డ్రైవ్‌లు గుచ్చుతారు? ఎన్ని ఆధార్ పీడీఎఫ్‌లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఆ కంప్యూటర్‌లో తెరుస్తారు? ఇంట్లో ఒక్కరే వాడుకునే లాప్‌టాప్ కంటే మీదే ఎక్కువ జాగ్రత్తగా ఉండాల్సిన సిస్టమ్. 2017 మేలో వన్నాక్రై అనే వైరస్ వచ్చి ఎన్నో దేశాల్లో కంప్యూటర్లకు తాళం వేసింది. దానికి విరుగుడు ప్యాచ్ ఆ మార్చిలోనే వచ్చేసింది. రెండు నెలలు వేసుకోనివాళ్లే ఎక్కువగా దెబ్బతిన్నారు.

కాబట్టి నెలనెలా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్ తప్పనిసరి. అమెరికాలో ప్రతి నెలా రెండో మంగళవారం విడుదల చేస్తారు, మనకి ఆ రాత్రి పది దాటాక కనబడుతుంది. అదే రాత్రి వేయక్కర్లేదు. మూడు నాలుగు రోజులు చూసి, షాపు మూసే ముందు వేయండి. తేడా వస్తే అప్‌డేట్ హిస్టరీలోకి వెళ్లి అన్‌ఇన్‌స్టాల్ చేయవచ్చు.

పేరులో 'ప్రివ్యూ' అని ఉంటే వదిలేయండి. అందులోని మార్పులు ఎలాగూ తర్వాతి నెల అప్‌డేట్‌లో వస్తాయి. ఆప్షనల్ అప్‌డేట్స్ కింద ఉండే డ్రైవర్ల జోలికి అసలు పోకండి. ప్రింటర్ బాగా పనిచేస్తుంటే దాని డ్రైవర్ మార్చాల్సిన అవసరం ఏముంది? మిమ్మల్ని ఏడిపించింది అదే.

ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్‌కి రెండు మూడు నెలలు ఆగండి. 2018 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ కొందరి ఫైళ్లను తుడిచేసింది. దాన్ని వెనక్కి తీసుకుని నవంబర్‌లో మళ్లీ వదిలారు.

జవాబు 2

పై మాటలన్నీ నిజమే కానీ, నెలవారీ అప్‌డేట్‌తో ప్రింటర్లకు ఎప్పుడూ ఏమీ కాదనుకోవద్దు. 2021 మార్చిలో ఆ సెక్యూరిటీ అప్‌డేట్ వేశాకే కొన్ని ప్రింటర్లకు ప్రింట్ ఇస్తే కంప్యూటర్ ఆగిపోయి బ్లూ స్క్రీన్ వచ్చేది. అదే నెలలో సరిచేశారు. అందుకే రెండు సిస్టమ్‌లకూ ఒకే రోజు వేయకండి. ఒకటి వేసి, రెండు రోజులు ప్రింట్లు తీసి చూసి, అప్పుడు రెండోది.

జవాబు 3

అన్నా, మీ పాత సిస్టమ్ సంగతి ఎవరూ చెప్పలేదు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఆరో తరం ప్రాసెసర్ కాబట్టి విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. ఈఎస్‌యూ అని, సపోర్ట్ అయిపోయాక కూడా అప్‌డేట్లు ఇచ్చే మైక్రోసాఫ్ట్ పథకం ఉంది. అందులో చేరితే సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 దాకా వస్తాయి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు. అది కుదరకపోతే ఆ సిస్టమ్‌ని నెట్ నుంచి తీసేసి ఉత్త స్కానింగ్‌కి పెట్టుకోండి. కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు మాత్రం అందులో పెట్టనివ్వకండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ చాలా థాంక్స్. పెన్‌డ్రైవ్‌ల మాట విన్నాక నిన్న రాత్రి నిద్రపట్టలేదు. పొద్దున్నే పాజ్ తీసేశాను. పాత సిస్టమ్‌ని ఈఎస్‌యూలో చేర్చాను, దానికే ముందు అప్‌డేట్ వేశాను. ఇప్పటిదాకా 200 పేజీలు తీశాను, రెండువైపులా బాగానే వస్తోంది. కొత్తదానికి ఆదివారం రాత్రి వేస్తాను. ప్రింటర్‌తో వచ్చిన డ్రైవర్ సీడీ కూడా దొరికింది. దాన్ని గల్లాపెట్టెలో పెట్టాను.