ఇలస, పులస: ఒకే చేపకి రెండు పేర్లెందుకు?

ప్రశ్న: "పుస్తెలమ్మైనా పులస తినాలి" అంటాం కదండీ. అదే చేప సముద్రంలో పడితే ఇలస అంటారు. పులస అన్న పేరు బేరం కోసం పుట్టిందేనా?

జవాబు: బేరం సంగతెలా ఉన్నా, ఆ రెండు పేర్లూ ఉండాల్సిందేనండి. చేప ఒకటే గానీ దాని ఒంట్లో జరిగే పని రెండు చోట్లా ఒకటి కాదు. వరదతో ఎర్రనీరు దిగే రోజుల్లో గుడ్లు పెట్టడానికి అంతర్వేది, యానాం వైపు పాయల్లోంచి గోదావరికి ఎదురెక్కి, ధవళేశ్వరం ఆనకట్ట దాకా వస్తుంది.

సముద్రపు నీట్లో లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది. ఇలాంటి చేపల రక్తంలో ఉండేది దాదాపు అందులో మూడో వంతే. దాంతో ఒంట్లో నీరు బయటికి పోతూనే ఉంటుంది. చేప ఆ ఉప్పునీళ్లే తాగి, ఎక్కువైన ఉప్పుని మొప్పల్లోంచి బయటికి నెట్టేస్తుంది. ఈ పనికి కార్టిసాల్ అనే హార్మోను, పెరుగుదల హార్మోను తోడ్పడతాయి.

ఏట్లోకొచ్చాక వ్యవహారం తిరగబడుతుంది. నీరు ఒంట్లోకి చొరబడుతుంది, ఉప్పు జారిపోతుంది. ఇక్కడ ఆదుకునేది మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి నుంచి వచ్చే ప్రొలాక్టిన్. మన తల్లులకి పాలు పడేలా చేసేదీ ఆ హార్మోనే! గ్రేస్ పిక్‌ఫర్డ్, జాన్ ఫిలిప్స్ అనే శాస్త్రవేత్తలు 1959లో చూపించారు: పీయూష గ్రంథి తీసేసిన కిల్లీఫిష్ అనే చిన్న చేపలు మంచినీళ్లలో చచ్చిపోయేవి, ప్రొలాక్టిన్ ఇస్తే బతికాయి.

ఇంకొకరు: ఏటికి ఎదురీది ఉప్పు కక్కేస్తుంది, అందుకే అంత రుచి అంటారండి మావైపు.

జవాబు: ఆ మాట నేను ఒప్పుకోలేనండి. ఉప్పు కక్కేది సముద్రంలో ఉన్నప్పుడు. ఏట్లో అయితే ఒంట్లో ఉన్న కాస్త ఉప్పునీ పోనివ్వకుండా పట్టుకుంటుంది, పల్చటి మూత్రం ధారాళంగా పోసి నీటిని వదిలించుకుంటుంది. రక్తంలో ఉప్పు పెద్దగా తగ్గనివ్వదు. కొనేటప్పుడు మొప్ప ఎత్తి ఎరుపు చూస్తాం కదా, దువ్వెన పళ్లలా వరసగా ఉండే ఆ రేకుల్లోని కణాలే రెండు చోట్లా ఈ పని చేస్తాయి. సముద్రంలో ఉప్పుని బయటికి నెట్టే రకం, ఏట్లో లోపలికి లాక్కునే రకం. ఒక రకం తగ్గి రెండోది పెరగడం పూటలో అయ్యే పని కాదు.

మరి ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, ఉప్పూ చప్పా కలిసిన నీళ్లలో వల్లో పడితే మీ ఊళ్లో ఏ పేరుతో అమ్ముతారండి?