సమస్యాపూరణం: పిల్లి గోకగానె పెరిగె పాట

నిర్వాహకుడు:
ఈసారి సమస్య ఆటవెలది చివరి పాదం.

"పిల్లి గోకగానె పెరిగె పాట"

పిల్లి స్పీకరును గోకితే గుడ్డ చిరగాలి, లోపల అదిరి శబ్దం చేసే కోనుకు చిల్లు పడాలి. పాట పెరగడమేమిటి? ఆ చిక్కు విప్పండి. స్పీకరును కాపాడే ఉపాయం కూడా పద్యంలో ఇమిడితే మరీ మంచిది.

రెండు పిల్లుల ఇల్లు:

తాడు చుట్టినట్టి దండమొక్కటి తెచ్చి
పెట్టె చెంత నిలుప బెంగ తీరె;
జాలి విడిచి దాని చక్కగా నిలబడి
పిల్లి గోకగానె పెరిగె పాట

నిర్వాహకుడు:
గణాలు కుదిరాయి. తా–దం, జా–చ వర్గయతులు (ఒకే వర్గపు హల్లులతో కుదిరే యతి). ఉపాయమూ సరైనదే. పిల్లి కసితో గోకదు. గోళ్ళ పాత పొర ఊడగొట్టుకోవడానికి, ఒళ్ళు విరుచుకోవడానికి, పాదాల్లోని గ్రంథుల వాసన అంటించి "ఇది నాది" అని చాటుకోవడానికి గోకుతుంది. నిలువుగా, గరుకు గుడ్డ తొడుక్కుని నిలబడ్డ టవర్ స్పీకరు ఈ మూడు పనులకీ భేషుగ్గా పనికొస్తుంది మరి! అందుకే తిట్టడం కన్నా ఇంకో చోటు చూపించడం మేలు. ఆ దండం పిల్లి నిక్కి ఒళ్ళు సాచినా సరిపోయేంత ఎత్తుండాలి, ఊగకూడదు. ఊగితే మళ్ళీ స్పీకరు దగ్గరికే వస్తుంది.

పద్యంలో లోపం ఒక్కటే: పాట ఎందుకు పెరిగినట్టు?

రెండు పిల్లుల ఇల్లు:
"బెంగ తీరె" అన్నానుగా! టెన్షన్ పోయింది కాబట్టి వాల్యూం పెంచానండి.

నిర్వాహకుడు:
అది మీరిక్కడ చెబితేనే తెలిసింది. పద్యం చెప్పలేదు.

ఆటవెలది అభిమాని:

నిమ్మ నూనె రాసి నెమ్మదించితి నేను,
దాపు చేరదనుచు తలచినాను;
వాసనంటుకొనని వైపు మీటను చేరి
పిల్లి గోకగానె పెరిగె పాట

నిర్వాహకుడు:
పాట పెరగడానికి అసలైన కారణం ఇక్కడ దొరికింది. గోకింది వాల్యూం మీటనే! వా–వై యతి కూడా చెవికి బాగుంది.

రెండు పిల్లుల ఇల్లు:
పద్యానికి చప్పట్లు కొడతాను గానీ, నూనె మాత్రం వద్దండి. నిమ్మజాతి వాసన చాలా పిల్లులకు పడదు, నిజమే. కానీ అలాంటి గాఢమైన నూనెలను పిల్లి కాలేయం సరిగా విరగ్గొట్టలేదు. పాదానికి అంటింది నాకేస్తే జబ్బు పడుతుంది. దాని బదులు స్పీకరు ముందు నేలమీద ఒక అట్ట పరిచి, దానిమీద రెండు ముఖాలా జిగురుండే టేపు వేయండి. పాదాలకు జిగురు తగిలితే అటు రావడం మానేస్తుంది. టేపును గ్రిల్ గుడ్డకు మాత్రం అంటించకండి, తర్వాత జిగురు వదలదు.

ఆటవెలది అభిమాని:
సరేనండి, పద్యం ఉంచుకుని నూనె తుడిచేస్తాను. క్రమాలంకారంలో, అంటే ప్రశ్నలకు చివరి పాదంలో వరుసగా జవాబులొచ్చేలా, ఇంకొకటి:

పాలు దొంగిలించు ప్రాణి పేరేమిటి?
గుడ్డ యెపుడు చిరిగె? గుండ్రనైన
మీట తిప్పినపుడు మేలుగా నేమయ్యె?
పిల్లి, గోకగానె, పెరిగె పాట

నిర్వాహకుడు:
పాత ఎత్తే అయినా అతుకు కనబడలేదు. ఉపాయం లేదు కాబట్టి ప్రశంసతో సరిపెడుతున్నాను.

కొత్త కలం:
తప్పులుంటే చెప్పండి.

గుడ్డ తీసి యినుప కవచమే తొడిగితి,
గోరు దిగదు లోన, కోను పదిల
మనుచు నిదురపోతి, మధ్యరేయిని నన్ను
పిల్లి గోకగానె పెరిగె పాట

నిర్వాహకుడు:
మొదటి పాదంలో యతి తప్పింది. గు–క హల్లులు కలిశాయి, అచ్చులు కలవలేదు. "గూడు నే తొడిగితి" అంటే సరిపోతుంది. మిగతాదంతా భేష్. ఆ పాట మీ కేకే అని తెలిసేసరికి నవ్వాగలేదు. విషయం కూడా గట్టిదే. ట్వీటరు (సన్నని, హెచ్చు స్థాయి శబ్దాలు పలికే చిన్న స్పీకరు) గోపురం పట్టుగుడ్డదైతే పంజాతో ఒక్క నొక్కు చాలు, లోపలికి సొట్ట పడుతుంది. చిల్లులు దగ్గరదగ్గరగా ఉన్న లోహపు గ్రిల్ దాన్ని ఆపుతుంది, శబ్దాన్ని పోనిస్తుంది. నా ఓటు ఈ పూరణకే.

ఆటవెలది అభిమాని:
నాదీ దీనికే.

కొత్త కలం:
ధన్యవాదాలండి. "గూడు నే" అని సవరించాను. పడకగది తలుపు కూడా వేసుకుంటున్నాను.