పాత తెలుగు పత్రికలకు ఓపెన్ సోర్స్ టూల్ కడుతున్నాం: లైసెన్సు, సర్వరు, వాడకం గురించి సలహాలు కావాలి

లిపిశోధిని
హైదరాబాదులో ఇద్దరం తెలుగు శాఖ రీసెర్చ్ స్కాలర్లం, ఒక ప్రోగ్రామరు మిత్రుడు కలిసి చేస్తున్న పని ఇది. 1900–1950 మధ్య వచ్చిన పత్రికల స్కాన్లు ఎక్కిస్తే టెసరాక్ట్ అనే ఓసీఆర్ ప్రోగ్రాం బొమ్మలోంచి అక్షరాలు తీస్తుంది. పక్కన పేజీ బొమ్మ పెట్టుకుని దిద్దుకోవచ్చు, దిద్దినదాంట్లో వెతుక్కోవచ్చు, పాఠాలను గుర్తులతో దాచే ప్రామాణిక పద్ధతి టీఈఐ ఎక్స్‌ఎంఎల్‌గా దించుకోవచ్చు. కోడ్ అంతా బయట పెడతాం. మూడు సంగతులు తేలడం లేదు. లైసెన్సు, మార్చి పంచేవాళ్లూ కోడ్ బయట పెట్టాలనే జీపీఎల్ పెట్టాలా, ఎవరెలా వాడుకున్నా సరేననే ఎంఐటీ పెట్టాలా? మా ఫెలోషిప్పులు అయిపోయాక సర్వరు ఎవరు చూస్తారు? సాహిత్యం వాళ్లచేత వాడించడం ఎలా? వలపలగిలకను (హల్లు తర్వాత ౯ ఆకారంలో వేసి, ఆ హల్లుకు ముందు ర్ పలికించే పాత అచ్చు గుర్తు) ప్రస్తుతానికి మామూలు ర్ కింద మార్చి దాస్తున్నాం, పాఠం శుభ్రంగా ఉంటోంది. కట్టినవాళ్లూ వాడినవాళ్లూ చెప్పండి.

నల్లకుంట ప్రూఫ్‌రీడరు
లైసెన్సు సంగతి నాకు పట్టదు. "మార్చి దాస్తున్నాం" అన్నారే, ముందు అది ఆపండి. పత్రికలో ‘ధమ౯ము’ అని అచ్చయితే మీరు ‘ధర్మము’ అని దాచారు. ఇక అది ఆ పత్రిక పాఠం ఎలా అవుతుంది? ఏ అచ్చుకూటం ఏ ఏడు వలపలగిలక వదిలేసింది, అరసున్న ఎవరు ముందు మానేశారు, బండి ఱ ఎవరు చివరిదాకా వాడారు, ఇవన్నీ గిడుగు వారి ఉద్యమం తర్వాత అచ్చు తెలుగు ఎలా మారిందో చెప్పే సాక్ష్యాలు. మీరు శుభ్రం చేశాక వాటిని మళ్లీ ఎక్కడ వెతుక్కోవాలి? ఉన్నది ఉన్నట్టు దించాలి. దిద్దేవాడు మొదట నేర్చుకునేది అదే.

గచ్చిబౌలి డెవలపర్
ప్రూఫ్‌రీడరు గారూ, వెతికేది ఎవరండీ? ఎం.ఏ. చదివే అమ్మాయి ఫోన్‌లో ‘ధర్మము’ అని కొడుతుంది. ఏమీ దొరక్కపోతే ఆమెకు ఆ పేజీ లేనట్టే. పైగా మార్చకుండా ఎవరూ ఉండలేరు. యూనికోడ్‌లో ఐత్వం ఒకే గుర్తుగా రాయొచ్చు, ఎత్వానికి కింది తోక విడిగా తగిలించీ రాయొచ్చు. తెర మీద రెండూ ఒకటే, కంప్యూటరుకు మాత్రం వేరు. ఎన్‌ఎఫ్‌సీ (ఇలాంటి రెండు రాతలను ఒకటి చేసే యూనికోడ్ పద్ధతి) చేసి కలపకపోతే ‘కైలాసం’ సగం పేజీల్లో దొరకదు. మరి అదీ మార్పే కదా?

నల్లకుంట ప్రూఫ్‌రీడరు
కాగితం మీద ఒకటిగా ఉన్నదాన్ని కంప్యూటరులో ఒకటి చేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. వలపలగిలక కాగితం మీదే వేరుగా ఉంది. ఈ తేడా తెలియకుండా పాత పత్రికల జోలికి రాకండి.

గచ్చిబౌలి డెవలపర్
తెలియకుండా ఎవరూ రావట్లేదు సర్. జీతం లేని పని, రాత్రిపూట కూర్చుని చేస్తున్నాం. కాస్త మర్యాదగా మాట్లాడండి.

పద్యపాఠకుడు
వెతకడం ఒక్కటే చూస్తున్నారు. నేను గణాలు లెక్కగట్టే ప్రోగ్రాం రాసుకున్నాను, అక్కడ ఏమవుతుందో చూడండి. ‘ధమ౯ము’లో వలపలగిలకను ఓసీఆర్ తొమ్మిది అంకెగా చదివితే ప్రోగ్రాంకు సంయుక్తాక్షరం కనబడదు, ‘ధ’ను లఘువు అంటుంది. అది గురువు కదా. అరసున్న ఇంకా ప్రమాదం. టెసరాక్ట్ దాన్ని నిండు సున్నగా చదివిన ప్రతిచోటా ముందున్న లఘువు గురువైపోతుంది. అక్కడితో కంద పద్యం కాస్తా కందం కాకుండా పోతుంది. ర, ఱ కలిసిపోతే ప్రాస నియమం పరీక్షించడానికే వీల్లేదు. నేటి తెలుగులో అరసున్న, బండి ఱ ఎక్కడో గాని కనబడవు, నేటి తెలుగుతో నేర్పిన మోడల్ వాటిని ఎలా గుర్తుపడుతుంది? పాత పేజీలతో మళ్లీ నేర్పించుకోక తప్పదు. పద్యాలున్న పేజీలకు వేరే మోడల్ పెట్టండి.

మూసీ ఒడ్డు
అన్నా, గిదంత మంచిగనే ఉన్నది గని, హైదరాబాదుల కూసొని తెలుగు ఒక్కటేనా? తార్నాకల ఆర్కైవ్స్‌కు పోయి చూడుండ్రి, నిజాం కాలం కాయితాలన్ని ఫారసీల, ఉర్దూల ఉన్నయి. మా తాతల భూముల లెక్క గూడ గండ్లనే ఉన్నది. మీ టూల్‌ల కుడి నుంచి ఎడమకు రాసే లిపి పెడితే వరుసలన్ని ఉల్టా వస్తయి. ఉర్దూ రాసే నస్తాలిఖ్ రాత అయితే టెసరాక్ట్‌తోని ఆశ పెట్టుకోకుండ్రి. అక్షరాలు ఏటవాలుగ ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటయి, వరుస విడదీసుడే పెద్ద పని. క్రాకెన్ అని ఉన్నది, అరబీ లిపికి పనికొచ్చేటట్టు కట్టిండ్రు, పేజీల మీద గీతలు గీసి నేర్పేటందుకు ఈస్క్రిప్టోరియం ఉన్నది. ఇప్పుడే రెండు లిపులకు జాగ పెట్టుకుంటే మంచిది. తర్వాత పెడతమంటే ఎవలు పెట్టరు.

ఆదినుంచీ
యూనికోడ్ రాకముందు, ఇస్కీ, ఆర్‌టీఎస్ అనే పాత రాతపద్ధతుల రోజుల నుంచి తెలుగు కంప్యూటింగ్‌లో ఉన్నవాణ్ణి. పైన ఇద్దరూ అనవసరంగా పోట్లాడుకుంటున్నారు. ర, పొల్లు, జీరో విడ్త్ జాయినర్ (అక్షరాలు కలపమని చెప్పే, కంటికి కనబడని గుర్తు), ఆ తర్వాత హల్లు: ఈ వరుసలో రాస్తే తెలుగులో వలపలగిలక రూపం రావాలి. అక్షరాలను తెర మీద పేర్చే హార్ఫ్‌బజ్‌లో తెలుగుకు ఈ ఏర్పాటు ఎప్పటినుంచో ఉంది. వెతికేటప్పుడు జాయినర్‌ను లెక్కలోకి తీసుకోకపోతే ‘ధర్మము’ దొరుకుతుంది. గణాల ప్రోగ్రాంకు సంయుక్తాక్షరం కనబడుతుంది. కాగితం మీద ఏముందో కూడా నిలిచి ఉంటుంది. ఈ మాత్రం తెలియకుండా టూల్ మొదలుపెట్టడం నాకు ఆశ్చర్యంగా ఉంది.

నల్లకుంట ప్రూఫ్‌రీడరు
నియమం ఉందండీ, దాన్ని చూపించే ఫాంటు ఏది? నా కంప్యూటరులో ఉన్న ఏ తెలుగు ఫాంటులోనూ ఆ రూపం గీసి లేదు. దిద్దేవాడు తెర మీద మామూలు ‘ర్మ’నే చూస్తాడు. అక్కడ జాయినర్ ఉందో లేదో వాడికి ఎలా తెలుస్తుంది? కంటికి కనబడనిదాన్ని ఎలా దిద్దుతాం?

ఆదినుంచీ
ఫాంటు గీయించుకోండి. ఓఎఫ్‌ఎల్ అనే ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద విడుదలైన తెలుగు ఫాంట్లు ఉన్నాయి. వాటిని ఎవరైనా మార్చుకోవచ్చు, మార్చినదాన్ని అదే లైసెన్సు కింద పంచవచ్చు. ఒక్క గుర్తు, దాన్ని హల్లు పక్కన పెట్టే నియమం చేర్చడం పెద్ద పని కాదు.

గచ్చిబౌలి డెవలపర్
ఒక్క గుర్తు అంటున్నారు, మీరే చేర్చి పెట్టండి సర్, ఈరోజే కలుపుకుంటాం. ఇంకో చిక్కు. చాలామంది వాడే శుభ్రం చేసే స్క్రిప్టులు జాయినర్, అక్షరాలు కలవకుండా ఆపే నాన్-జాయినర్ రెండింటినీ చెత్త కింద తీసేస్తాయి. నాన్-జాయినర్ పోతే ‘సాఫ్ట్‌వేర్’లో ‘వ’ ఒత్తుగా దిగిపోతుంది. పాఠాన్ని దాచే చోట ఏ స్క్రిప్టూ నడపకూడదు, వెతుకులాటకు వేరే ప్రతి తయారు చేసుకోవాలి. టీఈఐలో ఒకే చోట మూల రూపం, సవరించిన రూపం రెండూ పెట్టే ఏర్పాటు ఉంది కదా, దాన్ని వాడదాం.

సుల్తాన్‌బజార్ పాఠకుడు
మీరంతా కోడ్ లైసెన్సు గురించి ఆలోచిస్తున్నారు, పాఠం హక్కుల మాట ఎవరూ ఎత్తలేదు. మన చట్టంలో రచయిత పోయిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి 60 ఏళ్లు లెక్క. గోలకొండ పత్రిక పెట్టిన సురవరం ప్రతాపరెడ్డి గారు 1953లో పోయారు, ఆయన రాసినవి 2014 నుంచి అందరివీ. అదే పత్రికలో ఇంకొకరి వ్యాసం ఉంటే వాళ్ల లెక్క వేరే. ఎవరు రాశారో తేలని కలం పేర్లకు అచ్చయిన ఏడాది నుంచి లెక్క. అందుకే సంచిక మొత్తానికి ఒకే ముద్ర వేయకండి. వ్యాసం వ్యాసానికి రచయిత పేరు, మరణించిన సంవత్సరం నింపే గడులు పెట్టండి. ఒక పెద్ద స్కానింగు ప్రాజెక్టులో పేరు తప్పు, ఏడు తప్పు, రచయిత గడిలో ప్రచురణకర్త. ఆ తప్పుల వల్ల నేను వెతుకుతున్న సంచిక ఆన్‌లైన్‌లో ఉండి కూడా చాలాకాలం నాకు దొరకలేదు. ఆ గడులు నింపేవాళ్లకు తెలుగు చదవడం వచ్చి ఉండాలి. ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఈ చర్చలో ఇంకోటి లేదు.

థీసిస్ సమర్పించినవాడు
సర్వరు గురించి నేను చెప్తాను. మా విశ్వవిద్యాలయంలో కట్టిన సైటు నేను థీసిస్ ఇచ్చిన కొద్దిరోజులకే ఆగిపోయింది. యంత్రం ఆపేశారు, నాకు చెప్పలేదు. నా వ్యాసాల్లో ఇచ్చిన లింకులన్నీ చచ్చిపోయాయి. పైగా సమీక్షలో ఒకాయన "సాఫ్ట్‌వేర్ రాయడం పరిశోధన ఎలా అవుతుంది" అని అడిగారు. ప్రామాణిక పాఠం నిర్ణయించడానికి రాసిన కోడ్ పరిశోధన కాకపోతే పీఠిక రాయడం కూడా పరిశోధన కాదు. ఆ మాట అక్కడే అన్నాను, ఇక్కడా అంటున్నాను. ప్రతి విడుదలనూ పరిశోధన ఫైళ్లు దాచే జెనోడో సైటులో పెట్టి డీఓఐ (మారని గుర్తింపు సంఖ్య) తీసుకోండి, జెనోడోను నడిపేది యూరప్ పరిశోధన సంస్థ సెర్న్. ఎలా ఉదహరించాలో చెప్పే ఫైలు కోడ్‌తోపాటు ఉంచండి. దిద్దిన పాఠాన్ని మామూలు ఫైళ్లుగా కూడా బయట పెట్టండి, సర్వరు పోయినా అవి మిగులుతాయి.

మూసీ ఒడ్డు
ఉర్దూ సంగతి ఎవలు జవాబియ్యలే. 2000 సంవత్సరంల వరదలొచ్చి బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంల ఉర్దూ పుస్తకాలు నీళ్లల్ల తడిసినయి. స్కాన్ కాని కాయితం మీద ఎవలకు భరోసా ఉంటది? వలపలగిలక మీద గింత లొల్లి పెట్టుకున్నరు గని, దీని మీద ఒక్క మాట లేదు.

లిపిశోధిని
మూసీ ఒడ్డు అన్నా, వరుస దిశను ప్రతి పేజీకి విడిగా దాచేలా ఈ వారమే మారుస్తాం. నస్తాలిఖ్ మోడల్ మావల్ల కాదు, ఉర్దూ చదివేవాళ్లు కలిస్తే క్రాకెన్ తగిలించడానికి చోటు ఉంచుతాం. ప్రూఫ్‌రీడరు గారూ, మూల రూపమే దాస్తాం, ఒప్పుకున్నాం. జాయినర్ ఉన్న చోట అక్షరానికి రంగు వేస్తే దిద్దేటప్పుడు కనబడుతుంది కదా?

నల్లకుంట ప్రూఫ్‌రీడరు
రంగు సరిపోతుంది. ఫాంటు వచ్చేదాకా.

తెలుగు టీచరు, ఉప్పల్
ఎలా వాడించాలి అన్న ప్రశ్నను అందరూ దాటేశారు. మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లలు ఫోన్‌లో పాత పేజీలు దిద్దారు, ఎంత శ్రద్ధగా దిద్దారో చెప్పలేను. పేజీ మొత్తం ఇస్తే ఒక్కరూ ముట్టుకోలేదు. ఒక్కో వరుస కోసి బొమ్మగా చూపించి, కింద టైపు చేయమంటే పోటీలు పడి చేశారు. ఒకే వరుస ఇద్దరికి ఇచ్చి, తేడా వచ్చినవి మాత్రమే నేను చూశాను. ఇన్‌స్టాల్ చేయమనకండి, ఖాతా తెరవమనకండి, లింకు నొక్కగానే వరుస కనబడాలి. అరసున్న, ఱ, ౘ, ౙ మీటలు తెర మీదే ఉంచండి, ఫోన్ కీబోర్డులో అవి వెతుక్కోలేక పిల్లలు వదిలేస్తారు.

పద్యపాఠకుడు
టీచరు గారూ, ఆ పిల్లలు పద్యాలు కూడా దిద్దారా? పాదం విరిచిన చోటు అచ్చులో ఉన్నట్టే ఉంచారా?

గచ్చిబౌలి డెవలపర్
మొదటి ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. ఎంఐటీ పెడితే ఎవరైనా తీసుకుని మూసేసి అమ్ముకోవచ్చు. జీపీఎల్ పెట్టినా, మీ కోడ్‌ను తన సర్వరు మీద నడిపిస్తూ వెబ్‌సైటుగా ఇచ్చేవాడు మార్పులు బయట పెట్టనక్కర్లేదు. మీది వెబ్ టూల్ కాబట్టి అలాంటివాడూ మార్పులు బయట పెట్టాలనే ఏజీపీఎల్ మూడో వెర్షన్ పెట్టండి. టెసరాక్ట్‌ది అపాచీ 2.0 లైసెన్సు, అది జీపీఎల్, ఏజీపీఎల్ మూడో వెర్షన్లతో కలుస్తుంది, జీపీఎల్ రెండో వెర్షన్‌తో మాత్రం కలవదు. బయటివాళ్ల మార్పులు తీసుకోకముందే ఇది తేల్చుకోండి. తర్వాత మార్చాలంటే రాసిన ప్రతి ఒక్కరి ఒప్పుకోలూ కావాలి.