ఫ్లష్ ట్యాంక్ వెనక తడి: ఏ నట్టు వదులైందో ఎలా పట్టుకోవాలి?

ప్రశ్న
అందరికీ నమస్కారం. మా కమోడ్ వెనక నేల మూడు రోజులుగా తడిగా ఉంటోంది. తుడిచిన గంటకే మళ్లీ అరచేయంత తడి. గోడ దగ్గరి యాంగిల్ కాక్, దాన్నుంచి ట్యాంక్‌కి వెళ్లే కనెక్షన్ పైపు చేత్తో కదిపి చూశాను, గట్టిగానే ఉన్నాయి. పానా పెట్టి అన్నీ ఒకసారి బిగించేయమంటారా?

జవాబు
ఆ పని మాత్రం చేయకండి. తడి కనిపించిన చోటే కారుతోందని లేదు. నీళ్లు పైపు వెంబడి జారి ఎక్కడో కింద చుక్క కడతాయి. ముందు అన్నీ పొడిబట్టతో తుడిచి, 10 నిమిషాలు ఫ్లష్ కొట్టకుండా ఉంచండి. తర్వాత టిష్యూ పేపరు ముక్కలతో పైనుంచి మొదలుపెట్టండి. ట్యాంక్ అడుగున పైపు కలిసే నట్టు, కాక్ వైపు నట్టు, కాక్ పిడి మొదలు, చివరికి కాక్ గోడలోకి దిగే చోటు. ఒక్కో చోటికి ఒక్కో కొత్త ముక్క. వేలికి తెలియని చెమ్మ కాగితం మీద మచ్చ కడుతుంది.

కాక్ తెరిచి ఉన్నంతసేపూ ఆ పైపులో ఒత్తిడి ఉంటుంది కాబట్టి, అక్కడ వదులైతే ఫ్లష్ కొట్టకపోయినా కారుతుంది. ఫ్లష్ కొట్టినప్పుడే కారితే ట్యాంక్‌కీ కమోడ్‌కీ మధ్య ఉండే బోల్టులు, వాషర్లు చూడాలి. ట్యాంక్ బయటంతా సన్నగా చెమట పట్టినట్టుంటే అది లీకే కాదు, చల్లటి నీళ్ల వల్ల గాలిలోని తేమ పేరుకోవడం.

ఇంకొకరి జవాబు
ఇంత రామాయణం దేనికి గురూ! టెఫ్లాన్ టేపు చుట్టి గట్టిగా బిగించెయ్యండి, ఆగిపోతుంది.

మొదటి జవాబు ఇచ్చినవారు
టేపు కాక్ గోడలోకి దిగే మరలకి పనికొస్తుంది. కనెక్షన్ పైపు నట్టులో నీళ్లని ఆపేది మరలు కాదు, లోపలి రబ్బరు వాషరు. అక్కడ టేపు దండగ. పైగా ట్యాంక్ కింద నట్టు చాలావాటికి ప్లాస్టిక్‌దే ఉంటుంది. పానాతో బలం చూపిస్తే చిట్లుతుంది, అప్పుడు చుక్క కాస్తా ధార అవుతుంది. నేనూ ఒకసారి అలా విరగ్గొట్టి బకెట్టు పట్టుకుని కూర్చున్నవాణ్ణే. చేత్తో బిగిసినంత బిగించి, ఇంకా చెమ్మ ఉంటే పావు చుట్టు. అంతకుమించి వద్దు.

ప్రశ్న అడిగినవారు
దొరికిందండీ! ట్యాంక్ కింద నట్టు దగ్గర కాగితం తడిసింది. పావు చుట్టు తిప్పినా చుక్క ఆగలేదు. తిప్పుతుంటే ట్యాంక్ లోపల నీళ్లు నింపే వాల్వు కూడా తిరుగుతున్నట్టుంది. అది మామూలేనా?

జవాబు
కాదు. వాల్వు తిరిగితే దాని అడుగు వాషరు జరిగి అక్కడా లీకవుతుంది. మూత తీసి ఒక చేత్తో వాల్వుని కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో కింద నట్టు తిప్పండి. అయినా ఆగకపోతే వాషరు పోయినట్టే. యాంగిల్ కాక్ కట్టేసి, ఫ్లష్ కొట్టి ట్యాంక్ ఖాళీ చేశాక, కింద గిన్నె పెట్టి పైపు విప్పండి. వాషరు బీటలిచ్చినా ఒకవైపు నొక్కుకుపోయినా మార్చేయాలి. పైపు పైన ఉండే తీగల అల్లికలో తుప్పు గానీ ఉబ్బు గానీ కనిపిస్తే మాత్రం వాషరుతో సరిపెట్టకండి, పైపే కొత్తది వేయండి.

ప్రశ్న అడిగినవారు
వాషరు నిజంగానే సగం చీలి ఉంది. కొత్తది వేసి చేత్తోనే బిగించాను. రాత్రంతా కింద కాగితం పరిచి ఉంచితే పొద్దున కూడా పొడిగానే ఉంది. పానా వాడాల్సిన అవసరమే రాలేదు.